మాత్ర కన్నా ముందు

"చంటివాడైతే ఉగ్గుగిన్నెతో మందు పోసేదాన్నండీ. ఇరవై ఆరేళ్లవాడికి ఎలా పొయ్యను?" అని కళ్లు తుడుచుకున్న అమ్మలు నా ఎదుట చాలామంది కూర్చున్నారు. పక్కన నాన్నగారు నేలచూపులు చూస్తుంటారు. ఇంట్లో అబ్బాయి గది తలుపు తీయడు, రాత్రంతా పచార్లు చేస్తాడు, ఎదురింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. డాక్టరు పేరెత్తితే, "నాకేం జబ్బు? మీరే చూపించుకోండి" అంటాడు.

దీన్ని మొండితనం అనుకుంటాం. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో చాలాసార్లు అది మొండితనం కాదు. తనకు జబ్బుందని గుర్తించే శక్తినే ఆ జబ్బు దెబ్బతీస్తుంది. పక్షవాతం వచ్చిన కొందరు కదలని చెయ్యి బాగానే ఉందని నమ్ముతారు, అలాంటిదే ఇదీ. దీన్ని అనోసోగ్నోసియా అంటారు. అమెరికాలో జేవియర్ అమడోర్ అనే సైకాలజిస్టు అన్నకు స్కిజోఫ్రీనియా. మందుల కోసం అన్నతో ఏళ్లపాటు పోట్లాడి, ఆ పోట్లాట వల్ల దూరమే పెరిగిందని గ్రహించాక, 2000లో ఆయన కుటుంబాల కోసం ఒక పుస్తకం రాశారు. అందులో ఆయన చెప్పిన మొదటి పని, వినడం.

అబ్బాయి వైపు నుంచి చూద్దాం. గోడ అవతల నుంచి వాడికి వినపడే గొంతు మనకు వినపడదు. వాడికి మాత్రం మీరిప్పుడు నాతో మాట్లాడుతున్నంత స్పష్టంగా ఉంది. అది తిడుతుంది, బెదిరిస్తుంది. భయపడి అమ్మ దగ్గరికొస్తే అమ్మ "అంతా నీ భ్రమ" అంటుంది. ఇక వాడు ఎవరితో చెప్పుకోవాలి? అలాగని అవునవును అనమని కాదు. "నాకు వినపడటం లేదు నాన్నా. నీకు వినపడుతోందంటే ఎంత భయమేస్తోందో" అనొచ్చు. అది అబద్ధం కాదు, వాదనా కాదు. జబ్బుందని ఒప్పుకోనివాడు కూడా నిద్ర పట్టడం లేదని ఒప్పుకుంటాడు. నిద్ర కోసమని మొదటిసారి నా గదిలోకి వచ్చినవాళ్లున్నారు. రోజూ మాత్ర మింగడం ఇబ్బందైతే నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, ఆ మాట తర్వాత.

ఒకటి చెప్పాలి, నొచ్చుకోకండి. పప్పులో మాత్ర నలిపి కలుపుతున్నామని చాలామంది గొంతు తగ్గించి చెబుతారు. అలా చేయించింది ప్రేమేనని నాకు తెలుసు. కానీ అన్నంలో ఏదో కలుపుతున్నారని వాడికి ముందే అనుమానం. ఒకరోజు అది నిజమని తెలిస్తే, మీ చేతి ముద్ద కూడా ముట్టడు. పెళ్లి చేస్తే కుదుటపడతాడన్న ఆశ కూడా వదులుకోవాలి. పెళ్లి ఈ జబ్బుకు మందు కాదు, పైగా సంగతి తెలియని ఇంకో ఇంటి బిడ్డ ఇందులోకి వస్తుంది.

ఓపిక పట్టకూడని రోజులూ ఉంటాయి. చచ్చిపోతానన్నా, ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నా, తిండి నీళ్లు మానేసినా ఆగకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి పరిస్థితుల్లో ఒప్పుకోనివారిని కూడా, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక, మొదట 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకోనిస్తుంది. గొలుసులతో కట్టడాన్ని అదే చట్టం పూర్తిగా నిషేధించింది. ఆసుపత్రిలో చేర్చిన రోజు వాడు మిమ్మల్ని ద్రోహులనవచ్చు. ఆ మాట మోయాల్సి వస్తుంది.

మామూలు రోజుల్లో అబ్బాయి రాకపోయినా మీరు రండి. ఏం గమనించారో, ఎప్పటినుంచో కాగితం మీద రాసుకొస్తే మాకు చాలా పనికొస్తుంది. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. అది మీ కోసం కూడా. మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?

రేపు పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు మాత్రల ఊసెత్తకండి. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగి, వాడు చెప్పడం అయ్యేదాకా పక్కనే కూర్చోండి.