ఆల్చిప్పకు తగిన పొరుగువారు

ఇల్లు కొనుటకు ముందు ఇరుగుపొరుగును చూచుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. పొరుగు సరిపడనిచో మనుష్యుడు ఇల్లు మారగలడు. చేప ఈది తప్పించుకొనగలదు. ఆల్చిప్పకు ఆ అవకాశము లేదు. ఆపద వచ్చినపుడు అది చేయగలిగినది తన రెండు చిప్పలను మూసికొనుట మాత్రమే. కావున ఆల్చిప్పను గాజుతొట్టిలో పెంచదలచువారు దాని పొరుగును గురించి ముందుగా ఆలోచింపవలెను. ఈ పాఠము మాకు ఒక నష్టము వలన బోధపడినది.

ఒక పర్యాయము మా విద్యార్థులు కొందరు చెరువునుండి ఒక పెద్ద ఆల్చిప్పను తెచ్చిరి. వారితో కూడ వచ్చిన కన్నడ బాలుడు దానిని "కప్పెచిప్పు" అనెను. పేరు ఏదైనను జీవి ఒకటే గదా యని అందరును సంతోషించి, తరగతిలోని చేపల తొట్టిలో దానిని ఉంచిరి. ఆ తొట్టిలో నాలుగు బంగారు చేపలును, ఒక పీతయు ఉండెను. నీరు అద్దమువలె స్వచ్ఛముగా ఉండెను. ఆల్చిప్ప తెరచుకొనుట, చేప వచ్చి పొడుచుట, అది మరల మూసికొనుట — ఇట్లు కొన్ని దినములు గడచెను. "నిద్రించుచున్నది" అని పిల్లలు అనుకొనిరి. మేమును అట్లే తలచితిమి. ఒక సోమవారము ఉదయము గది తలుపు తెరవగానే దుర్గంధము వచ్చెను. ఆల్చిప్ప నోరు తెరచి చచ్చియుండెను. చేపలు నాలుగును నీటిపై తేలుచుండెను.

ఇది ఎందువలన జరిగినది? ఆల్చిప్ప ఆహారమును వెదకుచు పోవు జీవి కాదు. అది ఇసుకలో సగము మునిగి, ఒక నాళముద్వారా నీటిని లోనికి పీల్చును. ఆ నీటిలోని సూక్ష్మమైన శైవలములను, ఇతర కణములను మొప్పలు వడకట్టును. మిగిలిన నీరు రెండవ నాళముద్వారా వెలుపలికి పోవును. అనగా చిప్పలు తెరచియున్నపుడే దానికి శ్వాసయు, భోజనమును. మాటిమాటికి పొడుచు పొరుగు ఉన్నచో అది మూసికొనియే ఉండును, క్రమముగా కృశించును. పైగా మన కంటికి స్వచ్ఛముగా కనబడు నీరు దానికి ఖాళీ విస్తరి వంటిది. ఆకలితో చచ్చిన ఆల్చిప్ప శరీరము క్రుళ్లి నీటిలో అమోనియాను పెంచును. ఆ విషమువలన చేపలును చచ్చును. ఒకరి నలత తొట్టిలోని అందరిని బాధించినది.

కావున చెరువు ఆల్చిప్పకు ఎట్టి పొరుగు కావలెను? శాస్త్రజ్ఞులు లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అని పిలుచు జాతి మన దేశపు చెరువులలో విరివిగా కలదు. దీనికి నీటి నడిమి భాగమునను, పై భాగమునను తిరుగు చిన్న చేపలు మేలు. గప్పీలు, జీబ్రా డానియోలు అట్టివి. నాచు తిను చిన్న నత్తలతో చిక్కు లేదు. పీతలు, పఫర్ చేపలు, అడుగు త్రవ్వు పెద్ద చేపలు, కొర్రమీను వంటి వేటచేపలు తగవు. బంగారు చేప సాధువుగా కనబడినను ఇసుకను కెలకును. కనబడిన ప్రతిదానిని నోటితో పరీక్షించును. ఆ పరీక్షయే మా ఆల్చిప్పకు ప్రాణాంతకమైనది.

చేపలు ఆల్చిప్పకు శత్రువులని మాత్రము తలపరాదు. ఆల్చిప్ప పిల్లలకు చేపలే దాదులు. తల్లి మొప్పలలో పెరిగిన గ్లోకిడియములను సూక్ష్మ డింభకములు నీటిలోనికి వచ్చి, చేప మొప్పలనో రెక్కలనో పట్టుకొనును. కొన్ని దినములో, కొన్ని వారములో అట్లే ఉండి, చిన్న ఆల్చిప్పలుగా మారి అడుగునకు రాలును. తగిన చేప దొరకనిచో అవి నశించును. అయితే ఇరుకైన తొట్టిలో ఒక చిన్న చేపకు అవి అనేకములు అంటుకొన్నచో ఆ చేప నీరసించును. కావున చేపకు తగినంత చోటిచ్చుట ఆల్చిప్పను పెంచువారి బాధ్యత.

ఇక సముద్రపు ఆల్చిప్పల మాట. బెంగళూరులోని దుకాణములలో పగడపు దిబ్బల తొట్లను చూచిన పిల్లలు, నీలి పచ్చని అంచులు గల పెద్ద ఆల్చిప్పలను గురించి మమ్ములను అడుగుదురు. అవి ట్రైడాక్నా జాతివి. వానిలో పెద్దదైన ట్రైడాక్నా గిగాస్ ఒక మీటరునకు మించి పెరుగును. బరువు 200 కిలోలు దాటును. వాని ప్రావారములో, అనగా చిప్పలను అంటియుండు మెత్తని పొరలో, ఏకకణ శైవలములు నివసించును. అవి సూర్యకాంతితో ఆహారమును తయారుచేసి ఆల్చిప్పకు పంచును. అందుచే ఆ ప్రావారమును వెలుగులో విప్పి ఉంచుట దానికి జీవనాధారము.

పొరుగు విషయములో ఇక్కడను సూత్రము అదే. ఏంజెల్ ఫిష్, బటర్‌ఫ్లై ఫిష్, ట్రిగ్గర్ ఫిష్, పఫర్ — ఇవి ప్రావారమును కొరుకును. చిప్పకు రంధ్రము చేయు మాంసాహార నత్తలు, ఆల్చిప్ప రసమును పీల్చు చిన్న పిరమిడెల్లిడ్ నత్తలు మిక్కిలి ప్రమాదకరములు. కుట్టు పగడములకును, సముద్రపు ఎనిమోనులకును దూరముగా దానిని ఉంచవలెను. క్లౌన్ ఫిష్ సాధారణముగా మంచిదే. కాని ఎనిమోను లేనిచోట ఒక్కొక్కప్పుడు ఆల్చిప్పనే ఇల్లుగా భావించి రుద్దుచు విసిగించును. గోబీలు, కార్డినల్ చేపలు, క్రోమిస్ చేపలు తగిన పొరుగువారు.

అయినను తల్లిదండ్రులకు ఒక మనవి. మన లక్షద్వీపముల దిబ్బలలో ట్రైడాక్నా మాక్సిమా కలదు. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా జాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించుచున్నది. మన సముద్రపు పగడములకును ఆ రక్షణ కలదు. పిల్లవాడు ముచ్చటపడినాడని వానిని కొని తెచ్చుట తగదు. అవి తమ దిబ్బలపై, తమ పొరుగువారితో ఉండుటయే క్షేమము. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న బొమ్మసంద్రలో మనకు దగ్గరిది చెరువు. చెరువు ఆల్చిప్పయే మనకు చక్కని పాఠము.

దీనిని చిన్న జీవి యని తేలికగా చూడరాదు. ఒడిశాలో భువనేశ్వరమునకు సమీపముననున్న కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి జలచర పరిశోధనా సంస్థ ఈ జాతి ఆల్చిప్పలలోనే ముత్యములను పెంచు విధానమును నేర్పుచున్నది. మరియొక విషయము: ఆల్చిప్ప తాను వడకట్టు నీటిలోని సీసము, కాడ్మియము వంటి లోహములను శరీరములో కూడబెట్టుకొనును. అందుచే శాస్త్రజ్ఞులు ఆల్చిప్పలను పరీక్షించి నీటి మంచిచెడ్డలను తెలిసికొందురు. అమెరికాలో 1986 నుండి సముద్రతీరములలో ఇట్టి పరీక్ష జరుగుచున్నది. కర్మాగారముల నడుమ నివసించు మనము ఈ మాటను ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. చెరువునకు తొట్టివలె నీరు మార్చు చేయి లేదు. అందులో మురుగును, రసాయనములను విడుచువాడు పారిపోలేని జీవికి చెడ్డ పొరుగువాడగును.

మరుసటి సంవత్సరము మేము మరల ఒక ఆల్చిప్పను తెచ్చితిమి. ఈసారి అడుగున పది సెంటీమీటర్ల మెత్తని ఇసుక పోసితిమి. కుళాయి నీటిలోని క్లోరిన్ పోవుటకు ఒక దినము నిలువబెట్టితిమి. ఎండలో ఉంచి పచ్చబడిన నీటిని ప్రతిదినము కొంచెము కలిపితిమి. ఆరు గప్పీలను మాత్రము తోడుగా ఉంచితిమి. రాగి కలిసిన చేపల మందును తొట్టిలో వేయలేదు, అది ఆల్చిప్పకు విషము గనుక. మూడవ దినమున నాళములు రెండును విచ్చుకొనెను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూచిరి. రెండు నెలల తరువాత దానిని తెచ్చిన చెరువులోనే విడిచితిమి. గప్పీలను మాత్రము విడువలేదు. అంగడి చేపలు చెరువులోని చేపలకు మంచి పొరుగు కావు.

చేసి చూడుడు

1. రెండు సమానమైన గాజుపాత్రలలో పచ్చని చెరువు నీరు నింపుడు. ఒకదానిలో మాత్రము ఆల్చిప్పను ఉంచుడు. కొన్ని గంటల తరువాత ఏ నీరు తేటపడినదో చూచి, కారణము వ్రాయుడు. పిదప ఆల్చిప్పను దాని చోటికి చేర్చుడు.

2. మెల్లగా తాకినపుడు మూసికొను ఆల్చిప్ప సజీవము. తాకినను నోరు తెరచియుండి వాసన వచ్చునది మృతము, వెంటనే తీసివేయవలెను. ఎందులకు?

3. మీ ఇంటిలోనివారిని, పొరుగింటి కన్నడ, తమిళ, ఉర్దూ కుటుంబములవారిని ఆల్చిప్పను ఏమందురో అడిగి, ఆ పేర్లను తెలుగు లిపిలో వ్రాసికొని రండు.