దంతమూల రక్షణ

పాఠ్యభాగ నేపథ్యం

ఆరోగ్య విషయాలను మాతృభాషలో చదివి అర్థం చేసుకోగల శక్తి, అర్థమైన దానిని ఇతరులకు తేటగా చెప్పగల నేర్పు భాషాధ్యయనంలో భాగాలే. చిగుళ్ళ వ్యాధి లక్షణాలను, కారణాలను, చికిత్సను, నివారణోపాయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రాచీన వైద్యగ్రంథాల పరిశీలనకు ఆధునిక శాస్త్ర నిరూపణకు గల సంబంధాన్ని సూచిస్తుంది. ఇది వైజ్ఞానిక వ్యాసప్రక్రియకు చెందిన పాఠం.

పాఠం

తెలుగులో ‘చిగురు’ అనే పదానికి రెండు అర్థాలున్నాయి. కొమ్మ చివర తొడిగే లేత ఆకు ఒకటి. పంటి మొదలును చుట్టి ఉండే మెత్తని కండ రెండవది. ‘ఊరు’ బహువచనంలో ‘ఊళ్ళు’ అయినట్లే ‘చిగురు’ బహువచనంలో ‘చిగుళ్ళు’ అయినది. ఈ రెండింటికీ ఒకే పేరు ఎంత తగినదో ఆలోచించండి. రెండూ లేతవే, రెండూ సున్నితమైనవే. ఒక భేదం మాత్రం ఉన్నది. మాడిన కొమ్మ మరుసటి వసంతంలో మళ్ళీ చిగురించవచ్చు. పంటిని పట్టి ఉంచే ఎముకతో సహా చిగురు కరిగిపోతే అది తనంతట తాను తిరిగి మొలవదు. ఈ భేదాన్ని గుర్తించడమే చిగుళ్ళ ఆరోగ్యానికి తొలి మెట్టు.

మన పూర్వులు ఈ వ్యాధిని ఎరుగనివారు కారు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో ముఖరోగాలు అరవై అయిదని చెప్పబడినవి. పెదవులు, దంతమూలాలు, దంతాలు, నాలుక, అంగిలి, కంఠం, సర్వముఖం అని అవి ఏడు స్థానాలుగా విభజింపబడినవి. వాటిలో దంతమూలానికి చెందినవే పదిహేను. దంతాలకు చెందినవి ఎనిమిది మాత్రమే కావడం గమనింపదగిన విషయం. చిగుళ్ళ నుండి అకస్మాత్తుగా రక్తం స్రవించి, దుర్గంధం కలిగి, అవి మెత్తబడి శిథిలమయ్యే వ్యాధికి ‘శీతాదము’ అని పేరు. చీమునెత్తురులు స్రవించి పళ్ళు కదిలే వ్యాధికి ‘దంతవేష్టము’ అని పేరు. నేటి దంతవైద్యులు చిగుళ్ళ వాపు అని, దంతాధార కణజాల వ్యాధి అని పిలిచే రెండు దశలకూ ఈ వర్ణనలు ఎంతో సన్నిహితంగా ఉన్నాయి. లక్షణాలను ప్రాచీనులు నిశితంగా చూశారు. కంటికి కనిపించని కారణాన్ని చూడడానికి మాత్రం సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది.

ఆ పని చేసినవాడు హాలండు దేశస్థుడైన లీవెన్‌హుక్. 1683లో ఆయన తన పళ్ళ మధ్య నుండి తీసిన తెల్లని పాచిని తాను తయారుచేసుకొన్న కటకం కింద పరీక్షించి, అందులో చలించే సూక్ష్మజీవులను చూసి, ఆ సంగతిని లండనులోని రాయల్ సొసైటీకి లేఖగా వ్రాశాడు. అయితే చిగుళ్ళ వాపునకు ఆ పాచియే కారణమని ప్రయోగపూర్వకంగా నిరూపించడానికి మరి ఇంచుమించు మూడు శతాబ్దాల కాలం పట్టింది. 1965లో డెన్మార్కు దేశంలో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యమైన చిగుళ్ళు గల పన్నెండుమందిని దంతధావనం మానివేయమన్నారు. పది నుండి ఇరవై ఒక్క రోజులలో వారందరికీ చిగుళ్ళు వాచాయి. తిరిగి పళ్ళు శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టిన తరువాత ఇంచుమించు వారం రోజులలో చిగుళ్ళు మామూలు స్థితికి వచ్చాయి. రోగోత్పత్తికి కారణమేమిటో, ప్రథమావస్థలో దానిని మళ్ళించడం ఎంత సులభమో ఈ ఒక్క ప్రయోగం తేటతెల్లం చేసింది.

ఇక వ్యాధి పుట్టే క్రమాన్ని పరిశీలిద్దాం. పంటిని నిలబెట్టేవి నాలుగు: పైన కనిపించే చిగురు, పంటివేరును కప్పి ఉండే సిమెంటు వంటి పొర, దవడ ఎముక, వేరును ఎముకకు కట్టి ఉంచే సన్నని తంతువులు. పంటికీ చిగురు అంచుకూ నడుమ సహజంగానే ఒక చిన్న సందు ఉంటుంది. ఆరోగ్యవంతులలో దాని లోతు ఒకటి నుండి మూడు మిల్లీమీటర్లు. నోటిలోని బాక్టీరియా పంటిమీద జిగురు పొరగా పేరుకొంటుంది. దీనినే మనం ‘పాచి’ అంటున్నాం. ఇది కేవలం నీటితో పుక్కిలిస్తే పోయేది కాదు, తోమితేనే పోతుంది. తోమని చోట లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు దానిలో చేరి కొద్ది రోజులలోనే గట్టిపడనారంభిస్తాయి. అదే ‘గార’. క్రింది ముందు పళ్ళ లోపలి వైపున, పై దవడ పళ్ళ బుగ్గ వైపున గార ఎక్కువగా కనిపిస్తుంది. లాలాజల గ్రంథుల ద్వారాలు ఆ ప్రాంతాలలో ఉండడమే ఇందుకు హేతువు. గరుకైన గారమీద మరింత పాచి పేరుకొంటుంది.

ఈ పాచిని ఎదిరించడానికి శరీరం రక్తప్రసారాన్ని పెంచుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్షు తగిలితే రక్తం కారుతుంది. ఇది మొదటి దశ. ఎముక ఇంకా చెక్కుచెదరలేదు కనుక ఇక్కడ నుండి పూర్ణారోగ్యానికి రావచ్చు. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో రెండవ దశ ఆరంభమవుతుంది. పంటికీ చిగురుకూ నడుమ సందు నాలుగు, అయిదు, ఆరు మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. తంతువులు తెగుతాయి, ఎముక కరుగుతుంది, చిగురు కిందికి జారి పళ్ళు పొడవైనట్లు కనిపిస్తాయి. పళ్ళ నడుమ సందులు ఏర్పడతాయి. చివరికి పన్ను కదులుతుంది. బండి ఆత్మకూరు ప్రాంతపు రైతుబిడ్డలకు దీనిని వేరే చెప్పనక్కరలేదు. కె.సి. కాలువ గట్టున నిలిచిన చెట్టు మాను ఎంత దృఢమైనదైనా, వేళ్ళ చుట్టూ మన్ను కోసుకొనిపోతే ఒరిగిపోక తప్పదు. పన్ను పుచ్చకుండానే ఊడిపోవడంలోని రహస్యం ఇదే.

వ్యాధి అందరిలోనూ ఒకే వేగంతో సాగదు. శ్రీలంక తేయాకు తోటలలో దంతవైద్యం గాని, బ్రష్షు గాని ఎరుగని 480 మంది తమిళ కార్మికులను 1970 నుండి పదిహేనేళ్ళపాటు శాస్త్రవేత్తలు పరిశీలించారు. వారిలో నూటికి ఎనిమిదిమందికి వ్యాధి అతివేగంగా ముదిరింది. ఆ వర్గంవారు నలభై అయిదేళ్ళకే పళ్ళన్నీ పోగొట్టుకొన్నారు. నూటికి ఎనభై ఒక్కరిలో మధ్యస్థంగా సాగింది. పదకొండుమందిలో చిగుళ్ళ వాపు దాటి ముందుకు పోలేదు. “మా తాత ఏనాడూ పళ్ళు తోమలేదు, అయినా జొన్నరొట్టె నమిలి తిన్నాడు” అనే మాటకు సమాధానం ఇక్కడున్నది. ఆ తాత పదకొండుమందిలో ఒకడు కావచ్చు. మనుమడు కూడా ఆ పదకొండుమందిలోనే ఉంటాడనే హామీ ఎవరివ్వగలరు?

వ్యాధిని వేగిరపరచే కారణాలలో పొగాకు ముఖ్యమైనది. బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ ఏ రూపంలోనైనా అది చిగుళ్ళకు శత్రువే. పైగా పొగ త్రాగేవారి చిగుళ్ళలో రక్తస్రావం తక్కువగా కనిపిస్తుంది. అది ఆరోగ్యం కాదు. వ్యాధి ముసుగు వేసుకొనడం. రెండవది మధుమేహం. రక్తంలో చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళ వ్యాధి ముదురుతుంది. చిగుళ్ళ వ్యాధి ముదిరితే చక్కెర అదుపు కష్టమవుతుంది. గుండెజబ్బులు గలవారిలో చిగుళ్ళ వ్యాధి ఎక్కువగా కనిపిస్తున్నదని పరిశోధనలు చెబుతున్నాయి; అయితే ఒకటి మరొకదానికి ప్రత్యక్ష కారణమని ఇంకా రుజువు కాలేదు. యౌవనారంభంలోను, గర్భిణీ దశలోను హార్మోనుల మార్పువల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎక్కువగా వాస్తాయి. మూర్ఛ, రక్తపోటు వ్యాధులకు వాడే కొన్ని మందులవల్ల చిగుళ్ళు పెరగవచ్చు. అట్టివారు మందును తమంతట తాము మానక వైద్యుని సంప్రదించవలెను. సి విటమిను లోపంవల్ల కలిగే స్కర్వీలో కూడా చిగుళ్ళు వాచి నెత్తురు కారుతుంది. ఉసిరి, జామ, నిమ్మ దానికి చక్కని విరుగుడు. అయితే పాచివల్ల వచ్చిన వాపు పండ్లు తిన్నంత మాత్రాన తగ్గదు.

ఈ వ్యాధిని జనులు ఉపేక్షించడానికి ప్రధాన కారణం నొప్పి లేకపోవడం. పుప్పిపన్ను రాత్రంతా మేల్కొలుపుతుంది. చిగుళ్ళ వ్యాధి మాత్రం చప్పుడు చేయక సాగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో బాధపడేవారు ప్రపంచంలో నూరుకోట్లకు మించి ఉన్నారు. నొప్పి లేదు కనుక వ్యాధి లేదనుకొనడం పొరపాటు. తోమేటప్పుడు రక్తం కారడం, నోటి దుర్గంధం, చిగురు జారడం, పళ్ళ నడుమ కొత్తగా సందు ఏర్పడడం, నొక్కితే చీము రావడం, పన్ను కదలడం ఈ వ్యాధి చిహ్నాలు.

చికిత్సను గూర్చి కొన్ని అపోహలున్నాయి. రక్తం కారే చోట బ్రష్షు ఆనించకూడదని చాలామంది తలుస్తారు. అక్కడ పాచి నిలిచి వాపు హెచ్చుతుంది. మెత్తని బ్రష్షుతో ఆ చోటనే శ్రద్ధగా తోమవలెను. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనేది మరొక అపోహ. నిజానికి ఎముక అంతకు ముందే కరిగి ఉంటుంది; ఆ ఖాళీని గార కప్పి ఉంచుతుంది. గార పోగానే ఉన్న సందు బయటపడుతుంది, వాపు తగ్గి చిగురు కుదించుకొంటుంది. కొద్ది రోజులు పళ్ళు జివ్వుమనవచ్చు. పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందనే మాటకు ఆధారం లేదు.

మొదటి దశలో గార తీయడం, సరిగా తోమడం నేర్చుకొనడం చాలును. ముదిరిన దశలో వైద్యుడు సందుల లోతు కొలిచి, ఎక్స్‌రేలో ఎముకను చూసి, చిగురు అడుగున వేళ్ళను శుభ్రపరుస్తాడు. కొన్ని వారాల తరువాత మళ్ళీ పరీక్షించి, లోతైన సందులు మిగిలి ఉంటే చిన్న శస్త్రచికిత్స చేస్తాడు. గార తీయకుండా యాంటీబయాటిక్ మాత్రలు మింగడంవల్ల వ్యాధి నయం కాదు. చికిత్స లక్ష్యం మిగిలిన ఎముకను కాపాడడం. అందుకే అది ఒకనాటితో ముగియదు; వైద్యుడు చెప్పిన వ్యవధిలో మళ్ళీ మళ్ళీ చూపించుకొనవలెను. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. కనుక నల్లమల పాదాన ఉన్న గ్రామాలకు సైతం వైద్యం అందనంత దూరం కాదు.

నివారణ ఎవరి చేతిలో ఉన్నది? మన చేతిలోనే. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమవలెను. రాత్రి నిదురించే ముందు తోమడం అత్యవసరం. బ్రష్షు కుచ్చును చిగురు, పన్ను కలిసే చోటికి నలభై అయిదు డిగ్రీల వాలుగా ఆనించి, మెల్లగా చిన్నగా కదిలించి, పంటి కొన వైపునకు తీయవలెను. లోపలి వైపును మరువరాదు. పళ్ళ నడుమ సందులకు ఫ్లాసు దారం గాని, సందుల బ్రష్షు గాని వాడవలెను. కుచ్చు విరబోసుకొన్న బ్రష్షును మార్చవలెను. మూడు నెలలకొకసారి మార్చడం మంచిది.

వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలు మన పల్లెలలో నేటికీ వాడుకలో ఉన్నాయి. కొనను బాగా నమిలి కుచ్చుగా చేసి నెమ్మదిగా తోమితే అవి పాచిని తొలగించగలవు. కాని దవడ పళ్ళ వెనుకకు, లోపలి వైపునకు అవి చేరడం కష్టం. ఇటుక పొడి, బొగ్గు, కచ్చిక బూడిద వంటివి పంటి పింగాణీని అరగదీసి, చిగురును గీరుతాయి. వాటిని విడిచిపెట్టవలెను.

విద్యార్థులారా! మీ వయసులో చిగుళ్ళ వ్యాధి చాలావరకు మొదటి దశలోనే ఉంటుంది. అద్దం ముందు నిలిచి పెదవి పైకెత్తి చూడండి. చిగురు గట్టిగా, రక్తం కారకుండా ఉన్నదా? చిగుళ్ళ రంగు మనిషికొక తీరుగా ఉంటుంది; సహజమైన నలుపు వ్యాధి కాదు, కొత్తగా వచ్చిన ఎరుపును, ఉబ్బును గమనించండి. ఇంటిలోని పెద్దలను కూడా అడగండి. మెత్తని అన్నం తప్ప రొట్టె నమలలేని అవ్వ, వక్క కొరకలేని తాత, ‘వయసు మీరింది గదా’ అని సరిపెట్టుకొంటారు. పళ్ళు ఊడడం వార్ధక్య ధర్మం కాదు. అది చాలావరకు స్వల్పకాలపు శ్రద్ధతో తప్పించుకోగలిగిన నష్టం. ఈ మాట వారికి చెప్పి, వారిని వైద్యుని వద్దకు తోడుకొనిపోగలిగితే మీ చదువు ఇంటికి ఉపయోగపడినట్లే.

కఠిన పదాలకు అర్థాలు

దంతధావనము = పళ్ళు తోముకొనడం
నిదానము = రోగకారణ నిర్ణయం
స్రవించు = కారు
శిథిలము = సడలినది, పాడైనది
కటకము = అద్దపు బిళ్ళ
హేతువు = కారణం
ఉపేక్షించు = లెక్కచేయక విడుచు
వార్ధక్యము = ముసలితనం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చిగుళ్ళ వ్యాధి పుట్టి ముదిరే క్రమాన్ని వివరించండి.
2. చిగుళ్ళ చికిత్సను గూర్చిన అపోహలను పేర్కొని, వాటిలోని నిజానిజాలను చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. శీతాద, దంతవేష్ట రోగాల లక్షణాలేవి?
2. 1965 నాటి ప్రయోగం ఏమి నిరూపించింది?
3. కాలువ గట్టున చెట్టు అనే ఉపమానాన్ని సమన్వయించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సుశ్రుత సంహితలో చెప్పిన ముఖరోగాలు ఎన్ని?
2. పాచి గట్టిపడితే ఏమవుతుంది?
3. పొగ త్రాగేవారిలో చిగుళ్ళ వ్యాధి ఎందుకు సులభంగా బయటపడదు?

ఈ) సంధులు
ప్రథమావస్థ = ప్రథమ + అవస్థ – సవర్ణదీర్ఘ సంధి
రోగోత్పత్తి = రోగ + ఉత్పత్తి – గుణసంధి
అత్యవసరము = అతి + అవసరము – యణాదేశ సంధి
పళ్ళన్నీ = పళ్ళు + అన్నీ – ఉత్వసంధి

ఉ) సమాసాలు
దంతమూలము – దంతము యొక్క మూలము – షష్ఠీ తత్పురుష సమాసం
చీమునెత్తురులు – చీమును, నెత్తురును – ద్వంద్వ సమాసం
స్వల్పకాలము – స్వల్పమైన కాలము – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఊ) భాషాకృత్యం
మీ ఇంటిలోని ఒక పెద్దవారికి చిగుళ్ళ రక్షణను గూర్చి, వారికి అర్థమయ్యే మాటలలో ఒక లేఖ వ్రాయండి.