జాబ్ కార్డులో ఏం రాశారు?

కారు రిమోట్ నొక్కితే మూడు తలుపులకు లాక్ టక్కున పడుతుంది, నాలుగోది పడదు. చర్ల, దుమ్ముగూడెం అడవి దారుల్లో రాత్రిపూట తిరిగేవాళ్లకు ఇది చిన్న ఇబ్బందేమీ కాదు. మీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఖమ్మంలోనే ఉంటే, భద్రాచలం నుంచే వంద కిలోమీటర్ల పైమాట. అంత దూరం వచ్చాక "లాకింగ్ సిస్టం మొత్తం మార్చాలి" అంటే చాలామంది మారుమాట్లాడకుండా డబ్బు కట్టేస్తారు. కట్టేముందు ఒక్క మాట అడగండి: లోపం ఎక్కడుంది, ఎలా తేల్చారు? ఆ జవాబును సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ కార్డులో రాయించండి.

నాలుగు తలుపులూ పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఫ్యూజు, రిలే, కంట్రోల్ మాడ్యూల్. ఒక్క తలుపే మొరాయిస్తే అందులోని లాక్ మోటారును, తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైర్లను అనుమానించాలి. తలుపు తీసి వేసినప్పుడల్లా వంగి వంగి ఆ వైర్లు లోపలే తెగుతాయి. మెకానిక్ తలుపు ప్యాడ్ విప్పి, మోటారు కనెక్టర్‌కు మీటరు పెట్టి, రిమోట్ నొక్కాలి. క్షణంపాటు 12 వోల్టుల దాకా వచ్చినా మోటారు కదలకపోతే లోపం మోటారుదో, లాకుదో. కరెంటే రాకపోతే కొత్త మోటారు వేసినా ఉపయోగం ఉండదు. ఈ కొలత కాగితం మీదికి ఎక్కాలి. డబ్బు పెట్టి మార్పించిన పార్టయితే పాతదాన్ని అడిగి తెచ్చుకోండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, సేవలో లోపాన్ని నిరూపించే భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. బిల్లు కూడా అడిగి తీసుకోండి; ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

"ఎలుకలు కొరికాయి, నీళ్లు దిగాయి, వారంటీ రాదు" అంటారు. కొరికిన చోటు, తుప్పు పట్టిన కనెక్టర్ చూపించమనండి, ఫొటో తీసుకోండి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో కారు మునిగితే అడగాల్సింది వారంటీని కాదు, బీమాను. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మాత్రం సొంత కారు నష్టానికి పైసా రాదు. బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఫీజు లేదు.

బయటి మెకానిక్ చెయ్యి పడితే వారంటీ మొత్తం పోతుందని బెదిరించినా జంకకండి. అలాంటి గంపగుత్త షరతు పెట్టవద్దని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలను ఆదేశించింది. ఆ మెకానిక్ పనివల్ల చెడిన భాగానికి మాత్రం వారంటీ అడగలేం.

సర్వీస్ సెంటర్ మాట వినకపోతే మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే. వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజూ లేదు. గడువు వివాదం తలెత్తిన నాటినుంచి రెండేళ్లు.