గాలిని తూచే వేడి తీగ

పెట్రోలు మండటానికి గాలి కావాలని మీకు తెలుసు. ఎంత గాలి కావాలి? ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తక్కువైతే కొంత పెట్రోలు సరిగా మండక నల్లని పొగగా పోతుంది. గాలి మరీ ఎక్కువైతే ఇంజను తడబడుతుంది, బలం తగ్గుతుంది. కనుక ఇంజనులోకి పోయే గాలి ఎన్ని గ్రాములో ప్రతి క్షణం తెలుస్తూ ఉండాలి. కదిలే గాలిని తూచటం ఎట్లా?

ఒక పాత వ్యాను

అమెరికాలో 1986-91 మోడళ్ళ ఫోక్స్‌వాగన్ వ్యానగన్ వ్యానును తీసుకుందాం. దాని ఇంజను 2.1 లీటర్లది. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన నిండా గాలి పీల్చుకోగలదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 1,500 × 2.1 = 3,150 లీటర్లు! సముద్రమట్టం దగ్గర లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. అంటే నిమిషానికి దాదాపు 3.8 కిలోల గాలి అన్నమాట.

రెక్క మీటరు

ఈ వ్యానులో గాలి దారికి అడ్డంగా స్ప్రింగుతో బిగించిన ఒక రెక్క ఉంటుంది. గాలి తోస్తే అది తలుపులా తెరుచుకుంటుంది. రెక్క ఇరుసుకు ఉన్న చిన్న లోహపు వేలు కార్బన్ పట్టీమీద జరుగుతుంది. దానితో వోల్టేజి మారుతుంది. ఆ వోల్టేజిని బట్టి కంప్యూటరు పెట్రోలు చిమ్మిస్తుంది.

ఉపాయం బాగానే ఉంది. కాని ఏళ్ళ తరబడి రాసుకొని కార్బన్ పట్టీ అరిగిపోతుంది. రెక్క గాలికి కొంత అడ్డు కూడా. వీటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది.

కొండ ఎక్కితే?

కొలరాడో రాష్ట్రంలో కొన్ని కొండదారులు 3,000 మీటర్ల ఎత్తు దాటుతాయి. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు నాలుగింట మూడు వంతులే. అదే వేగంతో గాలి వీచినా రెక్కమీద తోపుడు నూటికి 75 అవుతుంది. అయితే తోపుడు గాలి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.87 వర్గం సుమారు 0.75 గదా! అందుచేత గాలి నూటికి 87 వంతులు వస్తున్నదని రెక్క చెబుతుంది. నిజంగా వచ్చేది 75 వంతులే. ఫలితంగా పెట్రోలు సుమారు 15 శాతం ఎక్కువ పడుతుంది. పొగగొట్టంలో ఆక్సిజన్‌ను కనిపెట్టే సెన్సారు ఉంటే మామూలు నడకలో ఈ తప్పును సరిదిద్దగలదు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కేటప్పుడు దాని సాయం ఉండదు.

వేడి తీగ

వేడి ఇడ్లీని ఊదితే త్వరగా చల్లారుతుంది. గట్టిగా ఊదితే ఇంకా త్వరగా చల్లారుతుంది. 1980ల నుంచి కార్లలోకి వచ్చిన కొత్త మీటరులో ఇదే సూత్రం. సన్నని ప్లాటినం తీగను గాలికంటె సుమారు 100 డిగ్రీలు వేడిగా ఉంచుతారు. గాలి వీచి తీగ చల్లబడబోతే వెంటనే ఎక్కువ విద్యుత్తు పంపి వేడిని నిలుపుతారు. వేడిని మోసుకుపోయేది గాలి అణువులు. ఎన్ని గ్రాముల గాలి పోతే దానికి తగ్గ వేడి పోతుంది. కాబట్టి తీగకు పట్టిన విద్యుత్తే గాలి ద్రవ్యరాశిని చెబుతుంది. కొండమీదైనా, సముద్రం ఒడ్డునైనా లెక్క తప్పదు.

తీగమీద మురికి చేరితే లెక్క చెడుతుంది. అందుకని తొలినాటి మీటర్లలో ఇంజను ఆపగానే తీగను ఒక్క క్షణం సుమారు 1,000 డిగ్రీలకు వేడిచేసి మురికిని కాల్చేసేవారు.

ఊరికే మార్చేస్తే చాలదు

రెక్క తీసి తీగ బిగిస్తే పని అయిపోదు. రెండింటి వోల్టేజి భాషలు వేరు. పాత కంప్యూటరుకు కొత్త భాష తెలియదు. మధ్యలో మార్పిడి చేసే పరికరమైనా పెట్టాలి, కొత్త కంప్యూటరైనా పెట్టాలి. పైగా గాలి ఉష్ణోగ్రత చూసే సెన్సారు పాత రెక్క మీటరులోనే ఉంటుంది. ఆ సమాచారమూ కంప్యూటరుకు అందించాలి. పెట్రోలు మోతాదును మళ్ళీ సరిచూడకుండా బండి నడిపితే ఇంజనుకే ముప్పు.

చేసి చూడండి

ప్రయోగశాల థర్మామీటరును వేడినీళ్ళలో 60 డిగ్రీలదాకా వేడిచేసి, గబగబా పొడిగా తుడవండి. అది 50 నుంచి 40 డిగ్రీలకు దిగటానికి ఎన్ని సెకండ్లు పట్టిందో నిలకడ గాలిలో ఒకసారి, ఫ్యాను ముందర ఒకసారి చూడండి. తుడవటం మరచిపోతే ఫలితం ఎందుకు తారుమారవుతుందో ఆలోచించండి.