సెక్యూరిటీ రిస్క్‌ని బాస్‌కి అర్థమయ్యేలా చెప్పడం ఎలా?

కొత్త ఫోన్ రివ్యూకి వస్తే కెమెరా కన్నా ముందు నేను చూసేది సెట్టింగ్స్‌లో ఉండే సెక్యూరిటీ ప్యాచ్ తేదీ. అది ఎంత పాతదైతే, బయటపడిన లోపాలు ఆ ఫోన్‌లో అన్ని ఎక్కువగా మిగిలి ఉన్నట్టే. ఒక్క ఫోనే కాబట్టి అప్‌డేట్ నొక్కితే మన పని అయిపోతుంది. కంపెనీలో అలా కాదు. వేల కంప్యూటర్లుంటాయి, ప్యాచ్ వేయాలంటే ఒక్కోసారి పని ఆపాలి, అందుకు పైవాళ్లు ఒప్పుకోవాలి. మీలో ఐటీ ఉద్యోగాల్లోకి వెళ్లేవాళ్లకి ఈ పాఠం తప్పకుండా పనికొస్తుంది.

ముందు ఒక నిజమైన కేసు

విండోస్‌లో ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్‌ఎంబీలో ఉన్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. సరిగ్గా 59 రోజులకి, మే 12న, అదే దారిలో వాన్నాక్రై దూరింది. ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్‌లో డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో దాదాపు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. ప్యాచ్ వేయమని అక్కడి ఆసుపత్రులకు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే హెచ్చరికలు వెళ్లాయి! అంటే హెచ్చరిక పంపడం వేరు, పని జరిగేలా చూడడం వేరు.

ఏది ముందు ప్యాచ్ చేయాలి?

స్కానర్ నడిపితే వేల లోపాలు చూపిస్తుంది. ఒక్కోదానికి సీవీఎస్‌ఎస్ అనే స్కోరు, 0 నుంచి 10 వరకు. చాలామంది ఈ స్కోరు చూసి వరసగా పని మొదలుపెడతారు. నేనైతే ఈ మూడు ప్రశ్నలు కూడా అడగమంటాను:

1. బయటి ఇంటర్నెట్ నుంచి ఆ మెషీన్‌ని చేరుకోవచ్చా?
2. ఈ లోపంతో దాడులు ఇప్పటికే జరుగుతున్నాయా? అమెరికా సంస్థ సీసా ఇలాంటి వాటి జాబితాను అందరికీ ఉచితంగా ఇస్తోంది.
3. ఆ మెషీన్ ఆగితే ఏ పని ఆగుతుంది?

నెట్‌వర్క్‌కే కలపని టెస్ట్ మెషీన్‌లో 9.8 కన్నా, పేమెంట్ సర్వర్‌లో 7.5 ముందు చూడాల్సింది కావచ్చు.

బాస్‌తో ఎలా మాట్లాడాలి?

"సార్, ఎస్‌ఎంబీలో రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్ ఉంది, క్రిటికల్" అంటే ఆయన తల ఊపి ఇంకో మీటింగ్‌కి వెళ్లిపోతారు. ఇలా చెప్పి చూడండి:

"సార్, బిల్లింగ్ నడిచే 40 కంప్యూటర్లలో ఒక లోపం ఉంది. ఒక్కదాంట్లోకి వైరస్ వస్తే మిగతావాటికి దానంతటదే పాకుతుంది, బిల్లింగ్ ఆగిపోతుంది. శనివారం రాత్రి రెండు గంటలు ఇస్తే సరిచేస్తాం. కుదరకపోతే అప్పటిదాకా వాటిని మిగతా నెట్‌వర్క్ నుంచి వేరు చేయాలి."

ఏం ఆగుతుంది, ఎంత టైమ్ కావాలి, రెండో దారి ఏంటి — ఇందులో మూడూ ఉన్నాయి. నిర్ణయం ఆయన చేతిలోనే ఉంది.

ప్రతిదానికీ "రేపే హ్యాక్ అయిపోతాం" అనకండి. నాన్నా పులి కథే అవుతుంది, నిజంగా పులి వచ్చినప్పుడు ఎవరూ నమ్మరు. ఆయన వద్దంటే వాదించకుండా, ఎందుకు వద్దన్నారో, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీతో సహా మెయిల్‌లో రాసి పంపండి. ఆ తేదీ రాగానే మళ్లీ అడగండి.