పాత కంప్యూటరు ప్రారంభము కానప్పుడు

మా పాఠశాల కార్యాలయమునందు 2008వ సంవత్సరమున కొనిన కంప్యూటరొకటి కలదు. అందున్నది విండోస్ ఎక్స్‌పీ. దానిని తయారుచేసినవారు 2014వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీతో రక్షణ సవరణలు పంపుట మానివేసిరి గనుక, ఆ యంత్రమును ఇంటర్నెట్టునకు తగిలింపక, పాత రికార్డులు చూచుకొనుటకు మాత్రమే ఉంచుకొంటిమి. 2024వ సంవత్సరము జూన్ నెలలో, వేసవి సెలవుల పిమ్మట గది తెరచి మీట నొక్కగా అది లేవలేదు.

వేరొక దినమైనచో రేపు చూతమని యూరకుందుము. కాని ఆ యుదయముననే మా పూర్వ విద్యార్థిని యొకతె వచ్చి, 4వ తరగతి మొదలు 10వ తరగతి వరకు తాను మా బడిలో చదివినట్లు స్టడీ సర్టిఫికెటు కావలెననియు, ఉద్యోగపు దరఖాస్తునకు మరునాడే కడపటి దినమనియు చెప్పెను. ఆ సంవత్సరముల ప్రవేశపు రిజిష్టరు వానకు తడిసి అక్షరములు తెలియకుండ పోయినది. అందలి వివరములు టైపు చేయబడి ఈ యంత్రములో మాత్రమే యున్నవి. మరియొక చోట నకలు ఉంచకపోవుట మా తప్పే. దానిని దాచుట యెందుకు? ఆమెను కూర్చుండబెట్టి, యంత్రమును సైన్సు గదిలోని బల్లమీదికి తెప్పించి, 10వ తరగతి విద్యార్థుల నిద్దరిని కాగితము పెన్సిలుతో ప్రక్కన నిలుపుకొని పరీక్షింప నారంభించితిమి. ఆ విద్యార్థులకు మేము పెట్టిన నియమ మొక్కటే: ఒకసారి ఒక్కదానినే మార్చవలెను, మార్చినది వెంటనే వ్రాయవలెను. రెండింటిని ఒకేసారి మార్చి యంత్రము లేచినను, ఏది రోగమో మనకు తెలియదు.

మీట నొక్కినది మొదలు మన ఫైళ్లు కనబడువరకు కంప్యూటరు కొన్ని మెట్లెక్కును. మొదట పవర్ సప్లై అను పెట్టె మనయింటి 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలికి పంపును. పిమ్మట బయాస్ అను చిన్న ప్రోగ్రాము మేల్కొని, ప్రాసెసరు, మెమొరీ, తెర, కీబోర్డు సరిగా నున్నవా యని హాజరు పిలుచును. తరువాత హార్డు డిస్కు మొదటి గదిలోని 512 బైట్లను చదివి, అందున్న ఆజ్ఞ ప్రకారము అధికారమును విండోస్‌కు అప్పగించును. కావున "కంప్యూటరు చెడిపోయినది" అనుటలో అర్థము లేదు. ఏ మెట్టుమీద నిలిచిపోయినదని యడుగవలెను.

మా యంత్రము మొదటి మెట్టుకూడ నెక్కలేదు, దీపము వెలుగలేదు. యూపీఎస్‌ను తప్పించి తీగను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టినంతనే ఫ్యాను తిరిగెను. సెలవులలో యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయినది, అంతే. గోడనుండి యిచ్చినను వెలుగనిచో, వేరొక కంప్యూటరు తీగతో ప్రయత్నించి, పెట్టె వెనుకనుండు చిన్న మీటను చూడవలెను. అప్పటికిని వెలుగకున్న పవర్ సప్లైను మార్చవలసినదే గాని, దాని మూత విప్పరాదు. 230 వోల్టుల ప్రత్యావర్త విద్యుత్తు శిఖరము 325 వోల్టులని మీరు లెక్క చేయగలరు. ఇంచుమించు అంతటి వోల్టేజి లోపలి కెపాసిటర్లలో, ప్లగ్గు తీసిన తరువాతకూడ కొంతసేపు నిలిచియుండును. ఈ మాట విద్యార్థులకు ముమ్మారు చెప్పితిమి. కంప్యూటరు ఆపియున్నను ప్లగ్గు ఉన్నంతకాలము మదర్ బోర్డు మీద 5 వోల్టులు ఉండునుగనుక, లోపల దేనిని తాకవలెనన్నను ముందుగా తీగను ఊడదీయవలెను.

ఫ్యాను తిరిగినది గాని తెర నల్లగానే యుండెను. లోపలినుండి బీప్, బీప్ అని దీర్ఘమైన కూతలు వరుసగా వినవచ్చెను. బొమ్మ చూపు శక్తి యింకను రానప్పుడు బయాస్ తన బాధను ఇట్లు చెప్పుకొనును. ఆ కూతలకు అర్థము తయారుచేసినవారినిబట్టి మారును. మా యంత్రములోనిది అవార్డు బయాస్. అందు ఆగక వచ్చు దీర్ఘధ్వనికి మెమొరీ లోపమనియు, ఒక దీర్ఘము రెండు హ్రస్వములైనచో తెరకు సంబంధించిన లోపమనియు అర్థము. ఛందస్సులో గురులఘువులు గుర్తించు విద్యార్థి యొకడు దీనిని వెంటనే పట్టుకొనెను! తీగను ఊడదీసి, దేహములోని స్థిర విద్యుత్తు పోవుటకు పెట్టె ఇనుమును ఒకసారి తాకి, ర్యామ్ పలకలను బయటికి తీసితిమి. వాని అంచులందలి బంగారు పూత మసకబారియుండెను. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడిని మెత్తని కుంచెతో దులిపి, రెండు ప్రక్కల కొక్కెములు టక్కుమనువరకు మరల నొక్కితిమి. కూతలు ఆగి, తెరమీద అక్షరములు వచ్చెను.

ఆ అక్షరములలో సీమాస్ చెక్‌సమ్ తప్పినదను వాక్యమొకటి యుండెను. ముందుకు సాగుటకు ఎఫ్1 నొక్కుమని దాని క్రింద నుండెను, నొక్కితిమి. ఆ వాక్యమును లక్ష్యపెట్టక పోనిచ్చుటయే మేము చేసిన పొరపాటు. అయినను మా లేఖకుడు దానిని కాగితము మీద వ్రాసియుంచెను.

అటుపిమ్మట విండోస్ గుర్తు కనబడి, క్షణములో నీలి మెరుపువంటిది మెరసి, యంత్రము ఆరిపోయి మరల మొదటినుండి ప్రారంభమయ్యెను. మరల అట్లే. ఇట్టి సమయమున ప్రారంభములోనే ఎఫ్8 నొక్కి, లోపము వచ్చినప్పుడు తనంతట తాను పునఃప్రారంభము కాకుండ చేయు వరుసను ఎన్నుకొన్నచో నీలి తెర నిలుచును. నిలిపి చూడగా, తుదిలో 7బి అను సంఖ్య యుండెను. ప్రారంభమునకు ఆధారమైన డిస్కును చేరలేకపోతినని దాని భావము.

మరమ్మతు చేయువారొకరికి ఫోను చేసితిమి. "డిస్కు పోయినదండి. ఫార్మాటు చేసి క్రొత్తగా ఎక్కించెదను, పంపుడు" అనిరి. ఫార్మాటు చేసినచో యంత్రము లేచును, రికార్డులు లేవవు. గుమ్మమువద్ద కూర్చున్న ఆ పిల్లవైపు చూచి, సాయంకాలము చెప్పెదమని ఫోను పెట్టివేసితిమి.

డిస్కు నిజముగా పోయినదా? దీనిని తెలిసికొనుటకు విండోస్‌ను అడిగి లాభములేదు. పప్పీ లినక్స్ అను చిన్న వ్యవస్థ కలదు. అది సీడీనుండియే లేచి, హార్డు డిస్కులో ఏమియు వ్రాయకుండ దానిని చదువగలదు. ఆ సీడీ పెట్టి ప్రారంభింపగా డిస్కు తెరచుకొనెను. ఫోల్డర్లన్నియు ఉన్నవి, రిజిష్టరు ఫైలు ఉన్నది. టకటక మను శబ్దముగాని, ఆలస్యముగాని లేదు. వెంటనే వేరే ఆలోచన పెట్టుకొనక సమస్తమును రెండు పెన్‌డ్రైవులలోనికి నకలు చేసితిమి. లోపము ఎంత చిత్రమైనదైనను, నకలు ముగియువరకు దానిని పరిశోధింపరాదు.

ఇక లినక్స్ చదివిన డిస్కును విండోస్ ఏల చేరలేకపోయెను? మా లేఖకుడు కాగితము పైభాగమును చూపి, "మాస్టారూ, సీమాస్ అన్నదానిని మనము విడిచిపెట్టితిమి" అనెను. చిక్కు అక్కడ విడిపోయినది. మదర్ బోర్డు మీద 20 మిల్లీమీటర్ల వెడల్పుగల నాణెమువంటి 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ యొకటి యుండును. దానిపేరు సీఆర్ 2032. ప్లగ్గు లేనప్పుడు గడియారమును, బయాస్ అమరికలను నిలుపునది అదియే. నిత్యము వాడు దినములలో గోడనుండి వచ్చు కరెంటే దాని పని చేయుచుండెను. సెలవులలో ప్లగ్గు తీసివేయగా, ముసలి బ్యాటరీ ఒంటరిగా భారము మోయలేక పోయెను. మీటరుతో చూడగా 2 వోల్టులైనను లేవు. అమరికలు చెరగి, బోర్డు తయారైననాటి స్థితికి వచ్చినవి. ఆ స్థితిలో డిస్కుతో మాటలాడు పద్ధతి ఏహెచ్‌సీఐ అనునది. ఎక్స్‌పీకి స్వతహాగా ఆ భాష రాదు. అందుచేత 2008లో దానిని ఎక్కించినవారు పద్ధతిని ఐడీఈకి మార్చియుందురు.

అట్లైన విండోస్ గుర్తు వరకైనను ఎట్లు వచ్చినదని విద్యార్థులు అడిగిరి, అడుగవలసిన ప్రశ్నయే. విండోస్ మొదటి భాగము డిస్కుతో తాను మాటలాడదు. బయాస్ దుబాసీగా నిలిచి చదివి వినిపించును. ఆ దుబాసీకి రెండు భాషలును వచ్చును. కెర్నెలు అను ముఖ్యభాగము మెమొరీలోనికి వచ్చిన తరువాత దుబాసీని పంపివేసి, తనకు తెలిసిన ఐడీఈ భాషలో నేరుగా పిలుచును. అటువైపునుండి బదులు రాదు. డిస్కు చచ్చినదని తలచి నీలి తెర వేయును. లినక్స్‌కు ఆ క్రొత్త భాష వచ్చును గనుక దానికి బదులు వచ్చెను.

వాచీల దుకాణమునుండి క్రొత్త బిళ్ల తెప్పించి పెట్టితిమి. ప్రారంభములో డిలీట్ నొక్కి బయాస్‌లోనికి పోయి, డిస్కు పద్ధతిని ఐడీఈగా మార్చి, ఎఫ్10తో భద్రపరచితిమి. విండోస్ ఏ తడబాటు లేక తెరచుకొనెను. పెట్టె మూయుటకు ముందు ప్రాసెసరు ప్రక్కనున్న కెపాసిటర్లు రెండు, చదునుగా నుండవలసిన తలలు ఉబ్బి యుండుట చూచితిమి. ఆ కాలపు బోర్డులలో ఇది తరచు కనబడు జబ్బు. యంత్రము ఎంతోకాలము నిలువదని దానివలన తెలిసికొని, రికార్డులను మరి రెండు చోట్ల నుంచితిమి.

నాలుగు గంటలకు సర్టిఫికెటు అచ్చుకొట్టి, ప్రధానోపాధ్యాయులచే సంతకము చేయించి ఆమె చేతికిచ్చితిమి. ఆమె చదివి, నవ్వు నాపుకొనుచు, "మాస్టారూ, ఇందులో తేదీ 1-1-2008 అని పడినది. అప్పటికి నేను రెండవ తరగతి గదండీ!" అనెను. బ్యాటరీ మార్చితిమి గాని గడియారము సరిచేయుట మరచితిమి. తేదీ దిద్ది మరల అచ్చుకొట్టితిమి; ప్రధానోపాధ్యాయులు రెండవసారి సంతకము చేసిరి; ఆమె అయిదు గంటల బస్సునకు వెళ్లెను.