నీడలో ఆరనివ్వండి

బట్టీలో కాల్చకుండా, గాలికే గట్టిపడే ముద్దతో బొమ్మలు చేయడం మనకు కొత్త కాదు. 2016 వరకు మన వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాలలో, చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి మాస్కులు చేస్తారు.

ఆ ముద్దతో మేము బడిలో ఆడపిల్లలచేత పెన్ స్టాండ్లు చేయించాం. తొందరపడి ఎండలో పెట్టించాం, అన్నీ పగిలాయి. "నా చేయి మంచిది కాదు టీచర్" అంది ఒక అమ్మాయి. తప్పు మాది. ఎండకు పైపొర ముందే ఆరి కుంచించుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, అందుకే బీటలు.

పలుచగా అద్దండి, ఒక పొర ఆరాకే మరొకటి. నీడలో పెట్టి, అప్పుడప్పుడు తిప్పండి. బీట కనబడితే అదే ముద్దతో పూడ్చండి. పూర్తిగా ఆరాక రంగు, ఆపై వార్నిష్ వేయండి. నీరు తగిలితే మెత్తబడుతుంది.

ఆ అమ్మాయి రెండోసారి చేసిన స్టాండు ఇప్పుడు మా బల్లమీద ఉంది.